కెనడీ సంతకం ఉన్న బంతి.. అసలుదా? నకిలీదా? ఇలా పట్టేస్తారు!

మదర్ థెరిసా బేస్‌బాల్ మీద సంతకం చేశారంటే నమ్ముతారా? అమెరికాలో కేటుగాళ్లు అలాంటి బంతిని కూడా తయారు చేశారు. 1990ల్లో ఎఫ్‌బీఐ మొదలుపెట్టిన ‘ఆపరేషన్ బుల్‌పెన్’లో అది బయటపడింది. ‘ఇది ఒరిజినలే’ అంటూ సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు కూడా ఆ దందాలో దొరికిపోయారు. అందుకే చేతిలో సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమా పడటానికి లేదు.

ఇంతకీ రాజకీయ నాయకులకు, బేస్‌బాల్‌కు లింకేంటి? అక్కడ సీజన్ ఆరంభ మ్యాచ్‌లో దేశాధ్యక్షుడు తొలి బంతి విసిరే ఆనవాయితీ ఉంది. 1910 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లో విలియం హోవర్డ్ టాఫ్ట్ దీనికి శ్రీకారం చుట్టారు. ఆ బంతి అందుకున్నది స్టార్ పిచర్ వాల్టర్ జాన్సన్. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే. ఆ రోజు ప్రత్యర్థి జట్టుకు ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు. మర్నాడు బంతిని సంతకం కోసం వైట్‌హౌస్‌కు పంపితే, టాఫ్ట్ ఊరికే గీకి పంపలేదు. ‘నిన్నటి ఆట’ను ప్రస్తావిస్తూ, ఇకముందూ అలాగే హడలెత్తించాలని జాన్సన్ పేరు మీద రాసిచ్చారు. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు.. అన్నీ బంతి మీదే ఉన్నాయి. సేకరించేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

అన్ని బంతులకూ ఆ అదృష్టం ఉండదు. అప్పుడేం చేస్తారు? సంతకం కన్నా ముందు బంతిని చూస్తారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. అధికారిక బంతుల మీద ఒకప్పుడు లీగ్ ప్రెసిడెంట్ పేరు అచ్చు వేసేవాళ్లు. అమెరికన్ లీగ్‌కు 1973 వరకు జో క్రోనిన్, 1974 నుంచి లీ మెక్‌ఫెయిల్ ప్రెసిడెంట్లు. జాన్ ఎఫ్ కెనడీ హత్య జరిగింది 1963లో. మరి కెనడీ సంతకం పక్కన మెక్‌ఫెయిల్ పేరు కనిపిస్తే? ఇంకేముంది, ఆ బంతి పుట్టేసరికే ఆయన పోయి పదేళ్లు దాటింది! తోలు కూడా గుట్టు విప్పుతుంది. 1974కు ముందు గుర్రం తోలు వాడేవాళ్లు, తర్వాత ఆవు తోలుకు మారారు. పెన్ను సంగతీ అంతే. సంతకం పెట్టిన కాలానికి ఆ రకం ఇంకు అసలు ఉందా అని ఆరా తీస్తారు.

బంతి పాతదే అయినా పని అయిపోలేదండోయ్. పాత బంతి కొని కొత్తగా సంతకం గీకేవాళ్లకు కొదవ లేదు. పైగా కెనడీ విషయంలో మరో చిక్కు. ఆయన పేరుతో సెక్రటరీలూ సంతకాలు పెట్టేవారు. ఉత్తరాలు, ఫొటోల మీద ‘ఆటోపెన్’ అనే మెషీన్ కూడా పెట్టేది. దీని మీద 1965లో ఏకంగా ఓ పుస్తకమే వచ్చింది. అంటే పోల్చి చూడటానికి తీసుకున్న శాంపిల్ సంతకమే ఆయనది కాకపోవచ్చు! మనిషి రెండుసార్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా సంతకం పెట్టలేడు. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే గీత కూడా తేడా రాలేదంటే అది మెషీన్ పనే. సెక్రటరీ చేతిని పట్టుకోవడం మాత్రం అంత తేలిక కాదు. అందుకే ఇలాంటి బంతి కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.. ఆయన సంతకం పెడుతుండగా తీసిన ఫొటో ఏదైనా ఉందా?