గృహనిర్మాణమున పొత్తు – చిన్న కంట్రాక్టరు పాలు

ఇల్లు కట్టించు యజమానియు, పెద్ద కంట్రాక్టరును ప్రతి పనికి టెండరు పోటీలు, తగవులు పెట్టుకొనక, చాలకాలము కలిసి పనిచేయు ఏర్పాటునకు ఆంగ్లమున ‘పార్ట్‌నరింగ్’ అని పేరు. బ్రిటనులో 1994 నాటి లాథం నివేదిక, 1998 నాటి ఈగన్ నివేదిక దీనిని ప్రోత్సహించినవి. ఈ పొత్తు క్రిందనున్న చిన్నవారికి ఏమి చేయును?

కనగానపల్లి పరిసరములలో ఒక గృహస్థు పని యంతయు ఒక కంట్రాక్టరున కప్పగించె ననుకొందము. ఆయన గోడలను బేల్దారికి, సెంట్రింగును మేస్త్రీకి, తలుపులను వడ్రంగికి పంచి యిచ్చును. బెంగళూరు వంటి నగరములలో ఈ గొలుసు మరింత పొడవు.

పొత్తు నిజమైనదైనచో వీరికి మేలే. ఏడాది పొడవున పని దొరకును. స్లాబు వేయకమునుపే గొట్టముల పనివానిని సంప్రదించినచో, తరువాత పగులగొట్టు పని తప్పును. కాని పైవారిద్దరు ధర తగ్గించుకొన్నప్పుడు, ఆ తగ్గింపు క్రిందివాని నెత్తిన పడవచ్చును. ‘నాకు వచ్చిన పిదప నీకిత్తును’ అను షరతు అంతకంటె ప్రమాదకరము.

లెక్క చూడుడు. బేల్దారి లక్ష రూపాయల పని ఒప్పుకొనెను, ఖర్చు 92,000. వారవారపు కూలికై 50,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెను. బిల్లు మూడు నెలలు నిలిచినచో వడ్డీ 3,000. పూచీగా నూటికి పది చొప్పున ఆపినచో చేతికి వచ్చునది 90,000 మాత్రమే. లాభము మాట యటుండగా, ఆనాటికి 5,000 రూపాయల లోటు!

మన 1932 నాటి చట్టము ప్రకారము భాగస్వామ్యమనగా వ్యాపార లాభమును పంచుకొను సంబంధము. బేల్దారికి అట్టి వాటా లేదు. నష్టములో మాత్రము పాలున్నది. బ్రిటను 1996లోనే చట్టము చేసి, పైవాడు దివాలా తీసిన సందర్భమున తప్ప, అట్టి షరతు చెల్లదనెను.

కావున చిన్న కంట్రాక్టరు మూడు సంగతులు కాగితముపై వ్రాయించుకొనవలెను: కొలతలు ఎన్నడు తీయుదురు, ఎన్ని దినములలో సొమ్మిత్తురు, ఆపిన సొమ్ము ఎప్పుడు విడుదల చేయుదురు. యజమానియు, తానిచ్చిన విడత సొమ్ము క్రిందివారికి చేరినదా యని విచారింపవలెను. ఇది దయ కాదు. కూలి అందని బేల్దారి మరియొక పనికి పోవును. పచ్చి గోడకు నీరు పట్టువాడుండడు. ఆ గోడ మధ్య కాపురముండవలసినది యజమానియే.