యుద్ధకాలపు మహావిమానాలు – వాటి పరిరక్షణ

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పాత నగను కరిగించినప్పుడు తూకానికి బంగారం మిగులుతుంది గాని, దానిని మలచిన చేతి పనితనం మిగలదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన పిమ్మట వేలాది భారీ బాంబరు విమానాలకు పట్టిన గతి ఇదే. వాటిని ముక్కలు చేసి కరిగించారు. అల్యూమినియం మిగిలింది, విమానం మిగలలేదు.

నాలుగు ఇంజన్లతో, టన్నుల కొద్దీ బాంబులు మోస్తూ సుదూరం ప్రయాణించగల విమానాలను భారీ బాంబర్లు అంటారు. బ్రిటన్ రూపొందించిన లాంకాస్టర్ విమానాలు మొత్తం 7,377 తయారయ్యాయి. వాటిలో ఎగరగలిగినవిగా నిలిచినవి రెండే. ఒకటి బ్రిటన్‌లో, మరొకటి కెనడాలో ఉన్నాయి. హాలిఫాక్స్ విమానాలు ఆరువేలకు పైగా తయారైనా, యుద్ధానంతరం ఒక్కదానినైనా పూర్తి రూపంలో దాచి ఉంచినవారు లేరు. తుదకు 1995లో నార్వేలోని ఒక సరస్సు అడుగునుండి ఒకదానిని వెలికితీసి, కెనడాకు తరలించి, ఏళ్ల తరబడి శ్రమించి బాగుచేయవలసి వచ్చింది. సకాలంలో చూపని శ్రద్ధకు తరువాతి తరం చెల్లించే మూల్యం ఇట్టిది.

ఈ చరిత్రలో మన దేశానికి గర్వించదగిన స్థానం ఉంది. అమెరికాలో రూపొందిన లిబరేటర్ విమానం 1939 డిసెంబరు 29న తొలిసారి ఎగిరింది. యుద్ధకాలంలో 18 వేలకు పైగా లిబరేటర్లు తయారయ్యాయి. బ్రిటిషు వైమానిక దళానికి ఇవి అమెరికా నుండి ఎరువుగా లభించినవి. కావున యుద్ధం ముగియగానే వాటిని తిరిగి ఇవ్వడమో, నాశనం చేయడమో జరగాలి. కాన్పూరు విమానక్షేత్రంలో మిగిలిన విమానాల పరికరాలను పగులగొట్టి, ఇంజన్లలో ఇసుక పోసి, పనికిరాకుండా చేసి వెళ్లిపోయారు.

1948లో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆ శిథిలాలలో భాగాలను ఏరి, ఒకదాని లోపాన్ని మరొకదానితో పూడ్చి, విమానాలను లేపి నిలబెట్టింది. పరీక్షా చోదకుడు జంషెడ్ మున్షీ వాటిని కాన్పూరు నుండి బెంగుళూరుకు నడిపారు. అక్కడ అవి పూర్తిగా పునరుద్ధరింపబడ్డాయి. 1948 నవంబరులో మన వైమానిక దళపు అయిదవ స్క్వాడ్రన్ ఈ విమానాలతోనే ఆవిర్భవించింది. ఇతర దేశాలు వాటిని కరిగిస్తూ ఉండగా, మన దేశం 1968 వరకు వాటిని వాడింది. పేదరికం నేర్పిన పొదుపు చరిత్రకు రక్షణ అయింది. నేడు బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలోను, కెనడా రాజధాని ఒట్టావాలోను, అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలోను ఉన్న లిబరేటర్లు భారతదేశం నుండి వెళ్లినవే. ఢిల్లీలోని పాలం ప్రదర్శనశాలకు కూడా ఒకటి దక్కింది.

మన రాష్ట్రంలో ఇటువంటి విమానాన్ని చూడగోరువారు విశాఖపట్నం వెళ్లవచ్చు. రామకృష్ణా బీచి వద్ద నిలిపిన టీయూ-142 యుద్ధకాలపుది కాదు; కాని ఆ వంశానికి చెందినది. 1944లో జపానుపై దాడులకు వెళ్లిన అమెరికన్ బీ-29 బాంబర్లు మూడు సోవియట్ భూమిపై దిగవలసి వచ్చింది. టుపొలెవ్ సంస్థ వాటిని విప్పి, కొలిచి, టీయూ-4 అనే నకలును నిర్మించింది. ఆ అనుభవమే క్రమంగా టీయూ-95కు, దానినుండి సముద్రంపై కాపలా కాసే టీయూ-142కు దారితీసింది. 1988లో మన నౌకాదళంలో చేరిన ఈ తరగతి విమానాలు 29 సంవత్సరాలు సేవ చేసి, 2017 మార్చిలో అరక్కోణంలో విరమించాయి. వాటిలో ఒకటి ప్రదర్శనశాలగా మారి, 2017 డిసెంబరు 7న రాష్ట్రపతి చేతులమీదుగా ప్రారంభమైంది.

అయితే నిలబెట్టినంత మాత్రాన విమానం నిలవదు. స్వచ్ఛమైన అల్యూమినియం పైపొర తనను తాను కాపాడుకొంటుంది. విమానానికి వాడేది బలం కోసం రాగి కలిపిన మిశ్రమం. దానిని తేమ, ఉప్పు త్వరగా తినివేస్తాయి. ఉక్కు మేకు అల్యూమినియం రేకును తాకినచోట తడి చేరితే క్షయం మరింత తీవ్రమవుతుంది. ఎండకు రబ్బరు పగులుతుంది, కిటికీ పలకలు పసుపుబారుతాయి. కావున నీరు నిలువకుండా చూడడం, తరచుగా మంచినీటితో కడగడం, రంగు వేయడం, వీలైతే పైకప్పు కల్పించడం అవశ్యకర్తవ్యాలు. సముద్రతీరాన నిలిచిన విమానానికి ఈ శ్రద్ధ రెండింతలు కావాలి.

ఎగిరించి చూపడమే నిజమైన పరిరక్షణ అని కొందరి వాదం. ఇంజను ధ్వని వినకుండా ఆ విమానం అర్థం కాదని వారంటారు. ఆ మాటలో సత్యమున్నది. కాని 2019 అక్టోబరులో అమెరికాలో ఒక బీ-17 కూలి ఏడుగురు, 2022 నవంబరులో డల్లాస్ నగరంలో మరో బీ-17ను ఇంకొక పాత విమానం ఢీకొని ఆరుగురు మరణించారు. పోయిన ప్రాణాలు రావు. పోయిన విమానాలకు బదులు లేదు. ప్రతి రకంలో కనీసం ఒకటైనా నేలపై భద్రంగా ఉండాలనుట వివేకం.

నగరాలను బూడిద చేసిన యంత్రాలను కాపాడడమెందుకని కొందరు మిత్రులు అడుగవచ్చు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడలపై జపాను బాంబులు పడ్డాయి. హిరోషిమాపై అణుబాంబు జారవిడిచిన విమానం నేటికీ అమెరికా ప్రదర్శనశాలలో ఉంది. వాటిని దాచడం పూజించడానికి కాదు, సాక్ష్యం చెరిగిపోకుండా ఉండడానికి. యుద్ధాన్ని కథగా విన్నవానికన్నా, ఆ ఇరుకైన తుపాకీ గదిలో తన వయసు కుర్రవాడు కూర్చున్న చోటును చూచినవాడు శాంతి విలువను బాగుగా గ్రహిస్తాడు.

జమ్మలమడుగు చెంతనే ఉన్న గండికోటలో మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం నేటికీ నిలిచి ఉన్నాయి. రాయి మన ఉపేక్షను శతాబ్దాలు సహించగలదు. పలుచని అల్యూమినియం రేకు కొన్ని దశాబ్దాలైనా సహించదు. విద్యార్థులు చరిత్రను చదువుటతోపాటు దానిని కాపాడే విద్యలు కూడా నేర్వాలి. లోహశాస్త్రము, రసాయనశాస్త్రము, యంత్రశాస్త్రము చరిత్రకు సేవ చేయగల రంగమిది. కాన్పూరు శిథిలాలలోనుండి విమానాలను లేపిన చేతులు మన దేశపు కార్మికులవే. వాటి వారసత్వం మన తరానికి తగినది.