ఉల్కా? ఉత్త చిట్టెమా?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం పందొమ్మిదో శతాబ్దంలో బంగారం కోసం జనం ఎగబడ్డ నేల. అక్కడ మేరీబరో దగ్గర 2015లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతున్న ఒకాయనకు పసుపు బంకమట్టిలో ఎర్రటి రాయి దొరికింది. 17 కిలోల బరువు. లోపల బంగారపు ముద్ద ఉండే ఉంటుందనుకున్నాడు. ఇంటికి తెచ్చి రంపంతో కోశాడు, గ్రైండర్ పెట్టాడు, డ్రిల్లు దించాడు, యాసిడ్ పోశాడు, సమ్మెటతో బాదాడు. రాయి చెక్కుచెదరలేదు. కొన్నేళ్లకు మెల్‌బోర్న్ మ్యూజియానికి మోసుకెళ్తే, సొట్టలు పడ్డ దాని రూపం చూసి అక్కడి భూవిజ్ఞాని డెర్మట్ హెన్రీకి అనుమానం వచ్చింది. వజ్రపు రంపంతో ముక్క కోసి చూస్తే అది 460 కోట్ల ఏళ్ల నాటి ఉల్క!

ఈ కథ విన్నవాళ్లు వెంటనే పెరట్లోని నల్లరాయికి అయస్కాంతం ఆనించి చూస్తారు. వాళ్లు వినాల్సింది హెన్రీ చెప్పిన ఇంకో సంగతి. 37 ఏళ్లలో ఆయన పరీక్షించిన రాళ్లు వేలల్లో ఉంటే, ఉల్కలుగా తేలినవి రెండంటే రెండు.

అయస్కాంతం చెప్పేది ఒక్కటే: ఇందులో ఇనుముంది అని. ఇనుము మన నేలలో ఎక్కడ లేదు? ఒంగోలు చుట్టుపక్కల కొండల్లో మాగ్నటైట్ ఖనిజముంది. భీమిలి తీరాన నల్ల ఇసుకలో అయస్కాంతం దొర్లిస్తే మీసాలు మొలుస్తాయి. అన్నిటికన్నా మోసపుచ్చేది చిట్టెం, అంటే కొలిమిలో ఇనుము కరిగించాక మిగిలే మడ్డి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లింది. ఇనుము తీసిన ఇలాంటి ఊళ్ల పొలిమేరల్లో చిట్టెం గడ్డలు నేటికీ నాగలికి తగులుతుంటాయి. నల్లగా, బరువుగా, నిప్పుల్లో కాలినట్టే కనిపిస్తాయి. అయస్కాంతానికి అంటుకుంటాయి కూడా. ఉల్క అనుకోవడానికి ఇంకేం కావాలి!

అసలు అయస్కాంతం పరీక్ష అటూ ఇటూ తప్పుతుంది. 1865లో బిహార్‌లోని షెర్ఘాటీలో పడిన రాయి అంగారకుడి నుంచి వచ్చినదని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. ఆ జాతి ఉల్కలన్నిటికీ ఇప్పుడు ఆ ఊరి పేరే. వాటిలో లోహపు ఇనుము లేదు కాబట్టి మామూలు అయస్కాంతం వాటిని పట్టించుకోదు.

కాబట్టి ముందు కళ్లతో చూడాలి. ఉల్క గాలిలోంచి దూసుకొచ్చేటప్పుడు కరిగేది పైపొర మాత్రమే. ఆ కరిగిన పొర మిల్లీమీటరు మందాన నల్లని చర్మంలా గడ్డకడుతుంది. లోపలి రాయికి ఆ వేడి అంటదు. కొన్నిటి మీద పిండిముద్దను బొటనవేలితో నొక్కినట్టు గుంటలుంటాయి. కానీ లోపల గాలి బుడగల తొర్రలుంటే ఆశ వదులుకోవచ్చు. అవి చిట్టేనికో, అగ్నిపర్వతపు రాతికో ఉండే గుర్తులు. నున్నగా బంతిలా ఉందా? అదీ అనుమానమే.

నాకు బాగా నచ్చిన పరీక్ష వంటింటి కాటాతో చేసేది. రాయిని పొడిగా తూచండి. తర్వాత నీళ్ల గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి వేలాడదీయండి. ఇప్పుడు కాటా చూపేది రాయి తోసేసిన నీటి బరువు. మొదటి అంకెను దీనితో భాగిస్తే సాంద్రత తెలుస్తుంది. పొడిగా 700 గ్రాములు, నీళ్లలో 200 అయితే 3.5. గ్రానైట్‌కు ఇది 2.7 దరిదాపుల్లో ఉంటుంది, బసాల్ట్‌కు దాదాపు 3. మామూలు రాతి ఉల్కలకు 3.3 నుంచి 3.8 దాకా, ఇనుప ఉల్కలకు 8కి దగ్గరగా వస్తుంది. చిక్కంతా 5 వచ్చినప్పుడే. చేతికి అంత బరువు తగిలేసరికి ఉల్కే అని మురిసిపోతాం. తీరా అది మాగ్నటైటో హెమటైటో అయ్యుంటుంది. వాటి సాంద్రత సరిగ్గా అక్కడే. మెరుపులేని పింగాణీ పలక మీద, టైలు వెనక వైపైనా సరే, గీస్తే ఆ సంగతి బయటపడుతుంది. హెమటైట్ ఇటుకరంగు గీత గీస్తుంది, మాగ్నటైట్ నల్ల గీత గీస్తుంది. తుప్పు పట్టని ఉల్క సాధారణంగా గీతే పెట్టదు.

ఇన్నీ దాటితే ఒక మూల సానబట్టండి. బూడిదరంగు రాతిలో వెండి చుక్కల్లా లోహపు నలుసులు మెరిస్తే అప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకోవచ్చు. ఉల్కలోని ఇనుములో నికెల్ తప్పకుండా కలిసి ఉంటుంది, ఇనుప ఉల్కల్లో దాదాపు 5 శాతం, ఆపైన. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ నికెల్ ఉంటుంది కదా అంటారా? అందుకే ఆఖరి మాట ప్రయోగశాలదే. చాలా ఇనుప ఉల్కలను కోసి, నునుపు పట్టి, యాసిడ్‌లో తడిపితే అడ్డదిడ్డంగా అల్లుకున్న పట్టీలు తేలతాయి. 1808లో వియన్నాలో వాటిని గమనించిన విడ్మన్‌స్టాటెన్ పేరే వాటికి నిలిచింది. లక్షల ఏళ్లపాటు మెల్లగా చల్లారితే తప్ప ఆ అల్లిక రాదు. ఏ కొలిమికీ అంత ఓపిక లేదు.

అయస్కాంతంతో ఇంకో ప్రమాదముంది. సహారాలో దొరికిన ‘బ్లాక్ బ్యూటీ’ అంగారకుడి రాయి. ఆ గ్రహానికి ఒకప్పుడున్న అయస్కాంత క్షేత్రపు జాడ అందులో దొరుకుతుందని శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. 2023లో వెలువడిన పరిశోధన ప్రకారం, పరీక్షించిన ముక్కల్లో ఆ జాడ చెరిగిపోయింది. ఉల్కల వేటగాళ్లు ఆనించిన బలమైన అయస్కాంతాలే దాన్ని తుడిచేశాయి. దిక్సూచి దగ్గర పెట్టి ముల్లు కదులుతుందేమో చూస్తే చాలదా?

ఇక డబ్బు సంగతి. బియ్యపు గింజల్ని లాగే లోహమంటూ మోసం చేసే ‘రైస్ పుల్లింగ్’ ముఠాల పుణ్యమా అని ‘పిడుగు పడ్డ లోహం’, ‘కోట్ల విలువ’ అనే మాటలు మన ఊళ్లలో తేలిగ్గా చెల్లుబాటవుతాయి. రాయి చూడకుండానే ధర చెప్పేవాడి దగ్గర కూర్చోకపోవడం మంచిది.

అలాగని తెలుగు నేల మీద ఉల్కలు పడలేదన్న మాటా నిజం కాదు. 1852లో నెల్లూరు ప్రాంతంలో ఒకటి పడింది. 1870లో అప్పటి విశాఖపట్నం జిల్లాలో నెడగొల్ల పేరుతో నమోదైనది ఇనుప ఉల్క. దానిలా పడుతుండగా జనం చూసిన ఇనుప ఉల్కలు ప్రపంచంలోనే అరుదు. మన దేశంలో దొరికిన ఉల్కలను భద్రపరిచే బాధ్యత భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థది. దాని దక్షిణ ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది. వెళ్లేముందు రాయిని కడగకండి, నూనె రాయకండి. దొరికిన చోటు, తేదీ, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటోలు వెంట ఉంచుకోండి.