తణుకు అమ్మాయి, నాలుగు ల్యాపుల లెక్క

2024 ఆగస్టు 9న పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 4×400 మీటర్ల రిలే హీట్స్ జరిగాయి. భారత జట్టు 3 నిమిషాల 32.51 సెకన్లలో పరుగు ముగించి తన హీట్‌లో ఎనిమిదో స్థానంలో, అంటే చిట్టచివర నిలిచింది. ఆ నలుగురిలో ఒకరు దండి జ్యోతికశ్రీ. ఊరు తణుకు, తాడేపల్లిగూడేనికి హైవే మీద సుమారు 30 కిలోమీటర్లు. మన పశ్చిమగోదావరి అమ్మాయి ఒలింపిక్స్‌లో పరిగెత్తిందంటే ఏలూరులోనైనా భీమవరంలోనైనా సంతోషమే. ఆఖరి స్థానం చూసి ఉసూరుమన్నవాళ్లూ ఉన్నారు. పొగడటం, పెదవి విరవడం పక్కన పెట్టి, ఈ జట్టు 2028 లాస్ ఏంజెలెస్ నాటికి ఎంత దూరం వెళ్లగలదో లెక్క వేసి చూద్దాం.

ముందు ఆట సంగతి. ట్రాక్ చుట్టూ ఒక రౌండు 400 మీటర్లు. నలుగురు తలా ఒక రౌండు పరిగెత్తాలి. చేతిలో ఉండే బ్యాటన్ 28 నుంచి 30 సెంటీమీటర్ల బోలు గొట్టం, బరువు 50 గ్రాములకు తగ్గకూడదు. దాన్ని చేతులు మార్చుకోవడానికి 20 మీటర్ల హద్దు ఉంటుంది. ఆ గీత దాటాక అందితే జట్టు అనర్హతకు గురవుతుంది. మొదటి రన్నర్ రౌండంతా తన లేన్‌లోనే ఉండాలి. రెండో రన్నర్ మొదటి మలుపు దాకా లేన్‌లో వెళ్లి, ఆ తర్వాత మిగతావాళ్లతో పాటు లోపలి లేన్‌కు దూరాలి. అంటే రెండో మనిషికి వేగం ఒక్కటే చాలదు. మోచేతులు తగిలే గుంపులో చోటు సంపాదించుకోవాలి. పారిస్‌లో జ్యోతికశ్రీకి అప్పగించింది ఈ రెండో ల్యాపే.

4×100 రిలేలో బ్యాటన్ మార్పిడి బాగా కుదిరితే కాస్త నెమ్మది జట్టు కూడా వేగమైన జట్టును ఓడించగలదు. 4×400లో ఆ వెసులుబాటు తక్కువ. వచ్చే మనిషి అలసిపోయి, కాళ్లు బరువెక్కి వస్తుంది. అందుకునే మనిషి వెనక్కి చూస్తూ జాగ్రత్తగా తీసుకుంటుంది. ఇక్కడ గెలుపోటములు తేల్చేది నాలుగు రౌండ్ల మొత్తమే. ఒక సులువు ఉంది: మొదటి రన్నర్ తప్ప మిగతా ముగ్గురూ కదులుతూ బ్యాటన్ అందుకుంటారు కాబట్టి విడిగా పరిగెత్తే 400 కన్నా వాళ్ల టైమింగ్ అర సెకనో, ఇంకొంచెమో మెరుగ్గా ఉంటుంది. నలుగురి వ్యక్తిగత టైమింగులు కూడి, అందులోంచి రెండు సెకన్లు తీసేస్తే జట్టు ఎంతలో ముగిస్తుందో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. ఇంట్లో కూర్చుని ఎవరైనా వేసుకోగల లెక్క ఇది.

ఇప్పుడు ఆ లెక్కే వేద్దాం. 3:32.51ని నాలుగుతో భాగిస్తే ఒక్కొక్కరికి 53.13 సెకన్లు వస్తుంది. అదే ఏడాది మేలో బహమాస్‌లోని నసావులో జరిగిన ప్రపంచ రిలే పోటీల్లో రూపల్ చౌదరి, పూవమ్మ, జ్యోతికశ్రీ, శుభ వెంకటేశన్ 3:29.35లో జమైకా వెనక రెండో స్థానంలో వచ్చి ఒలింపిక్ బెర్తు తెచ్చారు. అది ఒక్కొక్కరికి 52.34. మూడు నెలలు తిరిగేసరికి తలా ముప్పాతిక సెకను పోయింది. పారిస్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా మహిళలది 3:15.27, అంటే తలా 48.82. ఒక్క రౌండులోనే మనకూ వాళ్లకూ నాలుగు సెకన్ల పైచిలుకు తేడా. నేల మీద కొలిస్తే అది ముప్పై మీటర్లు దాటుతుంది. నాలుగు రౌండ్లకు వంద మీటర్లు దాటిపోతుంది. పట్టుదల, గుండె ధైర్యం లాంటి మాటలతో పూడే గుంట కాదు ఇది.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టే పోలిక మన జిల్లాలోనే ఉంది. జ్యోతికశ్రీ కన్నా ఇరవై ఏళ్ల ముందు ఇదే రిలేలో ఒలింపిక్స్‌కు వెళ్లిన సత్తి గీతది తణుకుకు దగ్గర్లోని మార్టేరు. వరి పరిశోధన కేంద్రం వల్ల రైతులందరికీ తెలిసిన ఊరే. 2004 ఏథెన్స్‌లో ఫైనల్ చేరి ఏడో స్థానం పొందిన భారత జట్టులో ఆమె ఉంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన నలుగురిలోనూ ఉంది. 2008 బీజింగ్‌లో గీత ఉన్న జట్టు 3:28.83 పరిగెత్తినా ఫైనల్ దక్కలేదు. ఏథెన్స్ హీట్స్‌లో మన మహిళలు నెలకొల్పిన 3:26.89 జాతీయ రికార్డు ఇరవై ఏళ్లు దాటినా చెరగలేదు. పక్కపక్క ఊళ్ల అమ్మాయిలిద్దరు ఒకే పోటీకి వెళ్లారు. రెండో అమ్మాయి నాటికి జట్టు ముందుకు పోవలసింది పోయి వెనక్కి జరిగింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమెకు ముందూ వెనకా నిలబడవలసిన వాళ్లు తగ్గిపోయారు.

ఎందుకు తగ్గారు? ఒక కారణం అందరికీ తెలిసిందే, నోరు విప్పి చెప్పేవాళ్లే తక్కువ. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 4×400 స్వర్ణం గెలిచి దేశాన్ని ఊపేసిన జట్టులోని వాళ్లే మరుసటి ఏడాది డోపింగ్‌లో దొరికారు. ఒక్క దెబ్బతో ఒక తరం రన్నర్ల మీద నమ్మకం పోయింది. రెండో కారణం, ఆసియాలో గెలుపు మనల్ని మభ్యపెట్టడం. 2002 నుంచి 2018 దాకా వరుసగా ఐదు ఆసియా క్రీడల్లో ఈ రిలే స్వర్ణం మనదే. 2023లో హాంగ్‌జౌలో 3:27.85 పరిగెత్తి కూడా బహ్రెయిన్ వెనక రజతంతో సరిపెట్టుకున్నాం. ఏథెన్స్ రికార్డుకు ఈ మధ్య అంత దగ్గరగా వెళ్లిన పరుగు అది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం మళ్లీ వచ్చింది. ఆ జట్టులోనూ ఒక తెలుగమ్మాయి ఉంది: శబరి గోదావరిలో కలిసే కూనవరం ప్రాంతపు కుంజా రజిత. సంతోషించాల్సిందే. కానీ అక్కడ గెలిచిన టైమింగ్ 3:34.18. పారిస్‌లో ఆఖరున వచ్చిన పరుగు కన్నా అది నెమ్మది. పతకం రంగు చూసి జట్టు బాగుపడిందనుకుంటే మోసపోతాం.

పురుషుల కథ వేరు. 2023 బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ హీట్స్‌లో మహ్మద్ అనస్, అమోజ్ జాకబ్, మహ్మద్ అజ్మల్, రాజేశ్ రమేశ్ అమెరికాను తరుముకుంటూ వెళ్లి 2:59.05తో ఆసియా రికార్డు సృష్టించారు. తలా 44.76. ఫైనల్లో ఐదో స్థానం. పారిస్‌లో అదే నలుగురు 3:00.58 దగ్గర ఆగి ఫైనల్‌కు దూరమయ్యారు. బుడాపెస్ట్‌లా పరిగెత్తి ఉంటే ఫైనల్ దక్కేదే. నసావులో ఇంకో పాఠం ఉంది. మొదటి రోజు రాజేశ్‌కు కండరాలు పట్టేసి పరుగు మధ్యలో ఆగిపోయింది, జట్టు గమ్యం చేరలేదు. మర్నాడు అనుభవజ్ఞుడు ఆరోకియా రాజీవ్ దిగాడు, 3:03.23తో బెర్తు దొరికింది. కొల్లేటి చేపల చెరువుకు మూడు గట్లు ఎంత గట్టిగా ఉన్నా నాలుగోది తెగితే సరుకంతా పోతుంది. రిలే జట్టుదీ అదే స్థితి. ఐదో మనిషి, ఆరో మనిషి కూడా మొదటి నలుగురికి సమ ఉజ్జీగా ఉంటేనే అది జట్టు. పురుషుల్లో ఆ ఐదో మనిషి దొరికాడు కాబట్టి పారిస్ దాకా వెళ్లారు.

ఇక మిక్స్‌డ్ రిలే. ఇద్దరు పురుషులు, ఇద్దరు మహిళలు. 2024 మేలో బ్యాంకాక్‌లో తొలి ఆసియా రిలే ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు అజ్మల్, జ్యోతికశ్రీ, అమోజ్, శుభ 3:14.12తో స్వర్ణం, జాతీయ రికార్డు రెండూ సాధించారు. ఒలింపిక్ బెర్తుకు మాత్రం అది సరిపోలేదు. లెక్క చూడండి: పురుషులిద్దరూ 45 చొప్పున, మహిళలిద్దరూ 52 చొప్పున పరిగెత్తితే 3:14. పురుషులు బుడాపెస్ట్ స్థాయికి, మహిళలు 51.5కు వస్తే 3:12.5. ఆరుగురు మంచి మహిళా రన్నర్లను తయారు చేయడం కష్టం, ఇద్దరిని తయారు చేయడం కుదిరే పని. దగ్గరి దారి ఇదేనని నా అభిప్రాయం.

జనాభా చాలదన్న సాకు ఎవరైనా చెబితే బోట్స్‌వానాను చూపించాలి. అక్కడి జనం 2022 లెక్కల ప్రకారం 24 లక్షల లోపే. 2011 లెక్కల్లో మన పాత పశ్చిమగోదావరి జిల్లా ఒక్కదానిలోనే 39 లక్షల పైచిలుకు. ఆ చిన్న దేశం పారిస్‌లో పురుషుల 4×400లో 2:54.53 పరిగెత్తి అమెరికాకు సెకనులో పదో వంతు దూరంలో రజతం అందుకుంది. 2025 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అదే పోటీలో స్వర్ణం గెలిచింది. మన గోదావరి డెల్టాలో సత్తా లేదనడానికి లేదు. మార్టేరు, తణుకు ఆ మాటను ఇప్పటికే కొట్టేశాయి. లేనిది ఒకరి వెనక ఒకరు వచ్చే వరస. వానాకాలంలో నల్లరేగడి నేల జిగురు బురదవుతుంది, దాని మీద 400 మీటర్ల వేగపు సాధన సాగదు. పై స్థాయి శిక్షణకు జ్యోతికశ్రీ హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. వెళ్లగలిగిన ఒక్కరు పైకి వస్తారు, వెళ్లలేని పది మంది బడి పోటీలతో ఆగిపోతారు. రిలేకు కావలసింది ఆ పది మందే.

అందుకని నా అంచనా ఇది. పురుషుల జట్టు 2028లో ఫైనల్ చేరగలదు, పతకం ఆశించకూడదు. మిక్స్‌డ్ జట్టు బెర్తు సాధించగలదు. మహిళల జట్టు ఏథెన్స్ నాటి 3:26.89ని దాటే వరకు ఒలింపిక్ ఫైనల్ మాట ఎత్తకపోవడం మంచిది. లాస్ ఏంజెలెస్ నాటికి జ్యోతికశ్రీకి 28 ఏళ్లు. 400 మీటర్లకు అది మంచి వయసే.