వాన వెలిశాక చెరువులో దిగొచ్చా?

1998 జూన్‌లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ సరస్సు దగ్గర ట్రయథ్లాన్ పోటీ జరిగింది. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయాల్సిన పోటీ అది. 876 మంది పాల్గొన్నారు. అందరూ కసరత్తుతో రాటుదేలిన వాళ్లే. పోటీకి ముందు అక్కడ వానలు దంచికొట్టాయి. పోటీ ముగించి ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. ఆరోగ్య శాఖ సిబ్బంది 834 మందిని పలకరించి ఆరా తీస్తే 98 మంది జబ్బుపడినట్టు చెప్పారు. దర్యాప్తు చివరికి లెప్టోస్పైరోసిస్ దగ్గర ఆగింది. మన దగ్గర దాన్నే ఎలుక జ్వరం అంటారు. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంలో ఉండే సూక్ష్మజీవి వాన నీటితో పాటు సరస్సులోకి చేరి ఉంటుందని నిపుణులు అంచనా వేశారు. ఈదుతూ ఒక గుక్కైనా నీళ్లు మింగిన వాళ్లకే ముప్పు ఎక్కువగా కనిపించింది.

వానకు చెరువు శుభ్రపడుతుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. ఎండాకాలమంతా అడుగంటి పాచిపట్టిన నీళ్లను చూసిన ఊరికి కొత్త నీరు రావడం పండగే. పిల్లలు కట్ట మీద నుంచి దూకకుండా ఎలా ఉంటారు? కానీ ఈత విషయంలో ఆ కొత్త నీరే ఎక్కువ ప్రమాదం. మబ్బులోంచి పడిన చినుకు దాదాపు శుభ్రమైనదే. చెరువు చేరేలోగా అది ఏయే నేల మీదుగా పారిందన్నదే అసలు సంగతి. పెంటకుప్పలు, పశువుల కొట్టాలు, చెత్త దిబ్బలు, పొర్లిన సెప్టిక్ ట్యాంకులు, ఎరువు చల్లిన పొలాలు... వీటన్నిటినీ కడిగిన నీరే చివరికి చెరువులోకి దిగుతుంది. చాలా రోజులు ఎండగాసి ఒక్కసారిగా కుండపోత కురిస్తే, వారాల తరబడి పేరుకున్న మురికి కొన్ని గంటల్లోనే చెరువు పాలవుతుంది.

నగరాల్లో ఈ బెడద ఇంకా పెద్దది. షికాగో పాత డ్రైనేజీలో వాన నీరు, మురుగునీరు ఒకే గొట్టాల్లో పారతాయి. మామూలు రోజుల్లో ఆ నీరు శుద్ధి కేంద్రానికి వెళుతుంది. మరీ పెద్ద వాన పడి గొట్టాలు నిండిపోతే అది శుద్ధి కాకుండానే నదిలోకి పొర్లుతుంది. నగరం మునిగిపోయే పరిస్థితి వస్తే నది తలుపులు తెరిచి ఆ నీటిని మిషిగన్ సరస్సులోకి వదులుతారు. అప్పుడు తీరంలో ఈతను ఆపేస్తారు.

హుస్సేన్ సాగర్ కథ మనకు తెలిసిందే. పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన ఈ చెరువు ఒకప్పుడు ఊరికి నీళ్లిచ్చింది. ఇప్పుడు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు అందులోకి దిగుతున్నాయి. అక్కడ ఈదాలని ఎవరూ అనుకోరు. అయితే తెరచాప పడవల పోటీలు జరిగేది వానాకాలంలోనే. పడవ ఒరిగితే నడిపే పిల్లలు నీళ్లలో పడతారు. నోరు గట్టిగా మూసుకోవడం, ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో స్నానం చేయడం వాళ్లకు పడవ విద్యలో భాగం కావాలి. లాంచీలో షికారు చేసేవారికి ముప్పు చాలా తక్కువ. తుంపర్లు పడిన చేతులు కడుక్కున్నాకే ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకి పట్టుకుంటే చాలు.

నీళ్లు పరీక్షిస్తే తెలిసిపోదా? తెలుస్తుంది కానీ ఆలస్యంగా. ఈ.కోలై బ్యాక్టీరియాను పెంచి లెక్కించే మామూలు పరీక్షకు 18 నుంచి 24 గంటలు పడుతుంది. ఇవాళ చేతికొచ్చే ఫలితం నిన్నటి నీటిది. ఈలోగా మరో వాన పడితే ఆ కాగితానికి విలువ లేదు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం స్నానానికి వాడే నీటిలో, ప్రతి 100 మిల్లీలీటర్లకు ఈ.కోలై లాంటి మలసంబంధ కోలిఫాం బ్యాక్టీరియా 500 దాటకపోవడం మంచిది, 2,500 దాటకూడదు. ఊరి చెరువుకు ఈ పరీక్ష చేసి ఫలితాన్ని కట్ట మీద బోర్డు పెట్టి రాసే రోజు రావాలి. కట్టకు రంగులు వేసి బెంచీలు వేయడం కన్నా పిల్లలకు పనికొచ్చేది అదే.

అంతవరకూ రోజులు లెక్కపెట్టుకోవడమే దారి. లాస్ ఏంజిలిస్ తీరంలో వాన తర్వాత 72 గంటలు నీళ్లలో దిగొద్దని ఆరోగ్య శాఖ చెబుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సూక్ష్మజీవులను చంపుతాయి. కానీ బురద నీటిలోకి ఎండ దూరదు. అలుగు పారని చిన్న చెరువులో మురికి బయటికి పోయే దారి లేదు కాబట్టి ఇంకా ఎక్కువ ఆగాలి. అడుగున మట్టిలో సూక్ష్మజీవులు చాలాకాలం బతుకుతాయి, కాళ్లతో కలిపితే మళ్లీ పైకి లేస్తాయి.

నీరు తేరుకున్నా ఇంకో చిక్కు ఉంది. పొలాల నుంచి కొట్టుకొచ్చిన భాస్వరం తిని, ఎండగాసే నిశ్చల దినాల్లో నీలి ఆకుపచ్చ నాచు విపరీతంగా పెరుగుతుంది. 2014 ఆగస్టులో ఈరీ సరస్సులో పెరిగిన అలాంటి నాచు విషం వల్ల అమెరికాలోని టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా కుళాయి నీళ్లు తాగలేకపోయారు. పచ్చరంగు ఒలికినట్టు నీటి మీద తెట్టె కనిపిస్తే మనుషులే కాదు, కుక్కలు, పశువులు కూడా దిగకూడదు.

మన ఊళ్లలో వీటన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది లోతు. ఎండాకాలంలో చెరువు మట్టి తవ్వినచోట నిలువు గుంతలు మిగులుతాయి. వాన పడ్డాక అవి నీళ్ల కింద కనిపించవు. నిరుడు మోకాలి లోతున్న చోట ఈసారి నిలువెత్తు నీళ్లు ఉండొచ్చు. ఎక్కడ తవ్వారో తెలిసిన పెద్దవాళ్లు ఆ చోటు చూపించి, కర్రలు పాతి గుర్తు పెట్టాలి.

కాలికి పుండో గీతో ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు వానల తర్వాత కొన్నాళ్లు చెరువుకు దూరంగా ఉండటం మేలు. ఎలుక జ్వరం నీళ్లలో దిగిన 2 నుంచి 30 రోజుల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం, చలిజ్వరం ఉంటే డెంగీ అనో మలేరియా అనో అనుకుని ఊరుకోకుండా, ఫలానా రోజు చెరువులో దిగానని డాక్టరుకు ముందే చెప్పాలి. యాంటీబయాటిక్‌లు ఎంత తొందరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తాయి.