చెత్తదిబ్బల ఊటనీరు – విద్యుత్తుతో శుద్ధి

పట్టణపు చెత్తదిబ్బల అడుగున నల్లని కషాయము వంటి నీరు ఊరుచుండును. వర్షపునీరు కుళ్ళిన చెత్తగుండా దిగుటవలన పుట్టు ఈ ఊట చెరువులను, బావులను పాడుచేయును. హైదరాబాదు చెంత జవహర్‌నగర్ చెత్తదిబ్బ ఊటకు మల్కారం చెరువు చెడిపోయిన సంగతి చాలమందికి తెలిసినదే.

దీనిని విద్యుత్తుతో శుద్ధిచేయు పద్ధతులు రెండు కలవు. మొదటిదానిలో, తొట్టెలో ఇనుప లేక అల్యూమినియం పలకలు వ్రేలాడదీసి విద్యుత్తును పంపుదురు. పలక కరగి, మెత్తని తరకలుగా మారి, మురికిని, లోహములను చాలవరకు పట్టుకొనును. మన ఇండ్లలో బురదనీటికి పటిక తిప్పినట్లే. పటిక పని ఇచట పలక చేయును. ఒక ఆంపియరు విద్యుత్తు గంటసేపు పారినచో సుమారు 1 గ్రాము ఇనుము కరగును. కనుక పలకలను మార్చుచుండవలెను.

అమ్మోనియా మాత్రము దీనికి లొంగదు. అందుకు రెండవ పద్ధతిలో, పూతపూసిన, కరగని టైటానియం పలకలు వాడుదురు. ఊటనీరు సహజముగా ఉప్పగనుండును. ఆ ఉప్పునుండియే క్లోరిన్ పుట్టి అమ్మోనియాను నత్రజని వాయువుగా మార్చును. కరెంటు ఖర్చు హెచ్చు. క్లోరిన్ కలిసిన హానికర పదార్థములు కొన్ని క్రొత్తగా పుట్టవచ్చును కూడ.

రైతులు గమనించవలసినదేమనగా, నీరు తేటపడును గాని ఉప్పు పోదు. భూమిపై వదలు ఊటనీటిలో క్లోరైడు లీటరుకు 600 మిల్లీగ్రాములు మించరాదని 2016 నాటి కేంద్ర నియమములు విధించినవి. కావున శుద్ధిచేసిన నీరు కాలువలోనికి వదలుదుమన్నచో, గ్రామాధికారులు రంగుచూచి ఒప్పుకొనక, సీసాలో పట్టించి పరీక్షకు పంపవలెను. తొట్టె అడుగున మిగిలిన మడ్డిని ఎరువని ఎవరిచ్చినను పొలమున వేయరాదు. పట్టుబడిన లోహములు అందే ఉండును.