పాలిథిన్‌కు జనపనార ఎలా అతుకుతుంది?

కోల్‌కతా దగ్గర, హుగ్లీ నది ఒడ్డున ఉన్న రిష్రాలో 1855లో మన దేశపు మొదటి జనపనార మిల్లు వెలిసింది. తరువాత ఆ నదికి రెండు వైపులా ఎన్నో మిల్లులు వచ్చాయి. కాలక్రమంలో చవకైన ప్లాస్టిక్ సంచులు గోనె సంచుల గిరాకీని తగ్గించాయి. రైతులకూ, మిల్లు కార్మికులకూ ఇది బతుకు సమస్య. కొన్ని సరుకులను గోనె సంచులలోనే నింపాలని 1987లో చట్టం కూడా చేయవలసి వచ్చింది.

నారకు కొత్త ఉపయోగాలు వెతకడం మరొక మార్గం. నారను ప్లాస్టిక్‌తోనే కలిపి గట్టి పలకలు చేయవచ్చు. ఇలాంటి దానిని సంయుక్త పదార్థం అంటారు. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టడంలో ఉన్నదీ ఈ సూత్రమే. 1937లో కోల్‌కతాలో ఏర్పడిన భారత జనపనార పరిశ్రమల పరిశోధన సంఘం ఇలాంటి పదార్థాలపై కూడా పనిచేసింది.

1. చిక్కు ఎక్కడ ఉంది?

ఈ చిన్న ప్రయోగం చేయండి. పాలిథిన్ కవరు మీద ఒక నీటి చుక్క, ఉతికిన నూలు గుడ్డ మీద మరొక చుక్క వేయండి. కవరు మీద చుక్క పూసలా నిలుస్తుంది. గుడ్డ దానిని పీల్చుకుంటుంది.

నూలులోనూ, జనపనారలోనూ ముఖ్యమైన పదార్థం సెల్యులోజ్. దానిలోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటిని ఆకర్షిస్తాయి. పాలిథిన్‌లో కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉంటాయి. అది నూనెలాగా నీటికి దూరంగా ఉంటుంది. అందువల్ల ఈ రెండింటినీ ఊరికే కలిపితే సరిగా అతకవు. బరువు పడినప్పుడు నార ప్లాస్టిక్ నుంచి జారి బయటికి వస్తుంది.

2. అంటుకట్టడం

మామిడికి అంటు కట్టినట్లే, పాలిథిన్ గొలుసుకు మేలియిక్ ఆన్‌హైడ్రైడ్ అనే రసాయనాన్ని అంటుకడతారు. కరిగిన పాలిథిన్‌లో ఈ రసాయనాన్నీ, కొద్దిగా పెరాక్సైడ్‌నూ కలుపుతారు. వేడికి పెరాక్సైడ్ విడిపోయి, పాలిథిన్ గొలుసు నుంచి హైడ్రోజన్‌ను లాగుతుంది. ఖాళీ అయిన చోట మేలియిక్ ఆన్‌హైడ్రైడ్ చేరుతుంది. పెరాక్సైడ్ ఎక్కువైతే గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి, ప్లాస్టిక్ సరిగా పారదు.

ఇలా మార్చిన పాలిథిన్‌ను కొద్దిగా, నారతోనూ మామూలు పాలిథిన్‌తోనూ కలిపి వేడిచేస్తారు. ఆన్‌హైడ్రైడ్ వలయం తెరుచుకుని, సెల్యులోజ్‌తో ఎస్టర్ బంధం ఏర్పరుస్తుంది. మిగిలిన గొలుసు మామూలు పాలిథిన్‌లో పెనవేసుకుంటుంది. అంటే ఒక చేత్తో నారను, మరో చేత్తో ప్లాస్టిక్‌ను పట్టుకున్నట్లన్నమాట.

3. గుర్తుంచుకోండి

* నారను ముందుగా బాగా ఆరబెట్టాలి. లేకపోతే ఆన్‌హైడ్రైడ్ నారకు బదులు నీటితో చర్య జరుపుతుంది.
* నార సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే చెడిపోవడం మొదలవుతుంది. పాలిథిన్ 110 నుంచి 135 డిగ్రీల మధ్యనే కరుగుతుంది. అందుకే ఈ జోడీ కుదురుతుంది.
* నార మట్టిలో కుళ్ళిపోతుంది కాని, ప్లాస్టిక్ అలా కుళ్ళదు. కాబట్టి ఈ పలకలను వాడిన తరువాత ఎక్కడపడితే అక్కడ పారవేయకూడదు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. పాలిథిన్, జనపనార ఊరికే కలిపితే ఎందుకు అతకవు?
2. పెరాక్సైడ్ చేసే పని ఏమిటి?
3. తడి నారను వాడితే ఏ నష్టం కలుగుతుంది?